ఒక్క శని ఆదివారంల పాత చీరెలతోని బొంత కుట్టుడెట్ల

మహారాష్ట్రల చంద్రపూర్ జిల్లా అంటే అందరికీ ఎండలే యాదికొస్తయి, ఎండకాలం 45 డిగ్రీలు దాటే జాగ మాది, కని డిసెంబర్ సగం దాటినంక ఒక్కసారి మా రాజూరా వచ్చి చూడండి, పొద్దుగాల వార్ధా నది దిక్కు నుంచి మంచు లేస్తది, రాత్రి పది డిగ్రీలకు అటిటు పడతది, బండి మీద బల్లార్షా పోయి వచ్చేసరికి చేతి వేళ్లు కొంకర్లు పోతయి. ఇసొంటి చలిల శని ఆదివారాలు ఇంట్ల ఏం చేద్దాం అనుకునేటోళ్లకు నేను చెప్పే పని ఒక్కటే, ఒక చిన్న బొంత కుట్టండి. పాత చీరెలు ప్రతి ఇంట్ల ఉంటయి, ఖర్చు సూది దారం పైసలే, కూసునే జాగ వాకిట్ల ఎండ పొడ.

రాజూరా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలనే ఉండె, అందుకే మా ఇండ్లల్ల బొంత అంటం, గోడ అవుతల పక్కింటి మరాఠీ మావశి గోధడి అంటది, ఇద్దరి చేతిల పని మాత్రం ఒక్కటే. ఒడిశా, బెంగాల్ దిక్కు కాంథా అంటరు, బీహార్ల సుజనీ అంటరు. అన్నిట్ల ఉన్న కిటుకు ఒకటే, పాత నూలు బట్టను పొరలు పొరలుగ పరిచి దగ్గర దగ్గర కుట్లేస్తే పొరల నడుమ గాలి చిక్కుకుంటది, ఆ చిక్కిన గాలే మన ఒంటి వేడిని బయటికి పోనియ్యది. అందుకే ఒక్క మందం దుప్పటి కంటే ఐదు పల్చటి చీరె పొరలు ఎక్కువ ఎచ్చగ ఉంటయి.

పని మొదలువెట్టక ముందు ఒక మాట గట్టిగ చెప్తున్న, మొదటి బొంత పెద్దది పెట్టుకోకండి. నేను మొదటిసారి ఇద్దరు కప్పుకునేంత పెద్దది మొదలువెట్టిన, అది సంక్రాంతి పోయింది శివరాత్రి పోయింది ఎండలు కూడ వచ్చినయి, బొంత సగంల ఉంది, ఇగ దాన్ని చూస్తేనే అలసటొచ్చేది. పైగా నడిమిట్ల ఒక సిల్కు లెక్క ఉండే పాలిస్టర్ చీరె పెట్టిన, కుట్లేమో జానెడు జానెడు దూరం వేసిన, ఒక్కసారి ఉతికేసరికి లోపల చీరె జారి ఒక మూలకు ముద్దయింది. మొత్తం విప్పి మళ్ల చేసిన. ఆ తర్వాత పక్కింటి మావశి దగ్గర కూసోని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్న, మీరు నా లెక్క విప్పే పని పడొద్దని.

మనం కుట్టబోయేది పిల్లలు కప్పుకునేటిది, లేకుంటే పెద్దోళ్లు కూసోని మోకాళ్ల మీద వేసుకునేటిది, పొడుగు 115 సెంటీమీటర్లు, వెడల్పు 90. ఇద్దరు కూసుంటే రెండు రోజులల్ల అయిపోయే సైజు ఇది.

శుక్రవారం రాత్రే చీరెలు తియ్యండి. రెండు చీరెలు చాలు, రెండూ అచ్చం నూలువే కావాలె. నూలో కాదో తెల్వకుంటే అంచు నుంచి ఒక దారం పోగు తీసి, వాకిట్ల, అగ్గిపుల్లతోని అంటించి చూడండి, నూలు అయితే కాయిదం కాలిన వాసనొచ్చి బూడిదయితది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి గోళీ లెక్క అయితది. లుగడం, అంటే మరాఠోళ్లు కట్టే తొమ్మిది గజాల నూలు చీరె, పాతది దొరికితే అదృష్టమే, అది ఎన్నో ఏండ్లు ఉతికి ఉతికి వెన్న లెక్క మెత్తగయి ఉంటది, బొంతకు అంతకంటే మంచి బట్ట లేదు. కొత్త చీరె పెట్టకండి, గట్టిగ ఉంటది, సూది దిగది, ఉతికితే గుంజుకపోతది. మరి బాగ పాతదయితే వెలుగుకు అడ్డం పట్టి చూడండి, దారాలు పల్చబడ్డ జాగలు కనవడతయి, అక్కడ రెండు బొటనవేళ్లతోని మెల్లగ గుంజండి, చర్రుమంటే ఆ చీరె లోపలి పొరలకు, గట్టిగ ఉన్నది పైకీ కిందికీ.

ఎంచుకున్నంక ఫాల్ కుట్లు విప్పండి, తర్వాత వేడి నీళ్లల్ల ఒక చెంచా బట్టల సోడా వేసి రాత్రంత నానబెట్టండి, గంజి మొత్తం పోవాలె. గంజి ఉంటే పురుగు పడతది, సూది కూడ కస్సుమని ఆగుతది. ఎర్ర చీరె, ముదురు మెరూన్ చీరె ఉంటే మాత్రం వేరే బకీట్ల పెట్టండి, తెల్ల గుడ్డ తడిపి రుద్ది చూడండి, రంగు అంటుకుంటే నీళ్లు తెల్లగ వచ్చేదాక జాడించాలె, ఎంత జాడించినా రంగు వస్తనే ఉంటే ఆ చీరె పక్కకు పెట్టి ఇంకోటి తీయండి, జాలి పడొద్దు. ఒక్క చీరె రంగు దిగితే ఐదు పొరలూ ఖరాబయితయి.

శనివారం పొద్దుగాల జాడించి తీగ మీద వేయండి. పుష్యమాసంల పూసలు గుచ్చేంత పొద్దు కూడ ఉండదని పెద్దోళ్లు ఊకెనే అనలేదు, తొమ్మిది దాకా ఎండ ముదరది, ఐదున్నర దాటితే పొద్దుగూకుతది, నడుమ ఉన్న ఎండే మనది. పల్చటి నూలు చీరె మధ్యాన్నానికి ఆరిపోతది. అది ఆరేలోపు సామాను సర్దుకోండి. లావు సూదులు రెండు మూడు, బొడ్డు పెద్దగ ఉన్నవి, గోనె సంచులు కుట్టే దబ్బనం వద్దు అది బట్టకు బొక్కలు పెడతది. లావు నూలు దారం, ఈ సైజుకు ముప్ఫై వరుసల లెక్కన కుట్టే పొడుగే 35 మీటర్ల దాకా అయితది, దారం రెండు పేటలు వేసి కుడతం గనక, ముళ్లకూ వంకరకూ పోయేది కలిపి 90 మీటర్లు దగ్గర పెట్టుకోండి. ఒక మైనం వత్తి ముక్క, దారాన్ని దాని మీంచి ఒకసారి గుంజితే చిక్కులు పడది. మంచి కత్తెర, గజం టేపు, తెల్ల దారం ఒక ఉండ, వేలికి పెట్టుకునే ఇనప టోపీ, టైలర్ల దగ్గర చూసుంటరు, అది లేకుండ మొదలువెట్టకండి, ఐదు పొరల మీంచి సూది తోసుడంటే సాయంత్రానికి వేలు చివర పుండయితది. సూదులు ఎన్ని తీసిన్రో లెక్కపెట్టి ఒక డబ్బా మూత మీద రాసుకోండి, ఎందుకో చివర్ల చెప్త.

చీరె ఆరినంక ఇస్త్రీ చేయండి. ఆ తర్వాత కోసుడు. మామూలు చీరె ఐదున్నర మీటర్లు పొడుగు, ఒకటింబావు మీటరుకు జర తక్కువ వెడల్పు ఉంటది. రెండు దిక్కుల అంచులు ముందు వేరు చేయండి, అవి పారెయ్యకండి పనికొస్తయి. అంచులు పోయినంక దగ్గర దగ్గర మీటరు వెడల్పు మిగుల్తది. ఇప్పుడు పొడుగుల 125 సెంటీమీటర్లకు ఒక గాటు పెట్టి చేతులతోని చింపండి, కత్తెరతోని కోస్తే వంకరపోతది, నూలు చీరె చింపితే పోగు వెంబడే నీటుగ చిరుగుతది, ఆ చిరిగే చప్పుడు కూడ నాకు ఇష్టమే. ఒక చీరెకు ఇసొంటివి నాలుగు ముక్కలొస్తయి. గట్టి చీరెలకెల్లి రెండు ముక్కలు, ఒకటి కిందికి ఒకటి పైకి, మెత్తటి పాత చీరెలకెల్లి మూడు ముక్కలు లోపలికి, మొత్తం ఐదు పొరలు. కింది ముక్కను 125కి 100 అట్లనే ఉంచండి, మిగిలిన నాలుగింటిని 115కి 90 కోసుకోండి. కిందిది నాలుగు దిక్కుల ఐదు సెంటీమీటర్లు ఎక్కువ ఉంటది కదా, దాన్నే చివరికి పైకి మలిచి అంచు కుడతం.

ఇప్పుడు పరుసుడు. మొత్తం పనిల అసలు పని ఇదే, కుట్లు వంకర పోయినా బొంత బొంతే, కని పరుసుడు చెడితే బొంత చెడ్డట్టే. ఇల్లు ఊడ్చి తడిబట్టతోని తుడిచి, ఆరినంక కింది ముక్కను నేల మీద పరవండి, డిజైన్ ఉన్న మొఖం నేలకు. నాలుగు మూలలకు బరువైన బోళ్లు పెట్టండి, మా ఇంట్ల పప్పు డబ్బాలు పెడతం. అర చేయితోని నడుమ నుంచి బయటికి నిమరండి, ముడత అన్నది లేకుండ. అప్పుడు లోపలి పొర ఒకటి వేయండి, నాలుగు దిక్కుల సమానంగ ఐదు సెంటీమీటర్లు వదిలి, మళ్ల నిమరండి. తొందరపడి మూడు పొరలు ఒక్కసారి వేయొద్దు, ఒక్కొక్క పొరకు ఒక్కొక్కసారి నిమరాలె, లోపల ముడత ఉంటే పైకి కనవడది కని కప్పుకున్నోళ్ల ఒంటికి తెలుస్తది. చివరికి పై ముక్క, డిజైన్ మొఖం పైకి. ఇగ అక్కడికెల్లి లేపొద్దు, కదపొద్దు, పిల్లల్ని దాని మీద దుంకనియ్యొద్దు (వాళ్లు దుంకుతరు, అందుకే నేను వాళ్లను తలుపు బయట కాపలా పెడత, పిల్లిని రానియ్యొద్దని చెప్పి).

పరిచినంక కచ్చా కుట్టు. తెల్ల దారంతోని పెద్ద పెద్ద కుట్లు, ఒక్కో కుట్టు బెత్తెడు పొడుగున్నా పర్వాలే. నడుమ బిందువు నుంచి మొదలువెట్టి నాలుగు దిక్కులకు, తర్వాత నాలుగు మూలలకు, ఆ తర్వాత జానెడుకు ఒక వరుస చొప్పున. ఎప్పుడూ నడుమ నుంచే బయటికి రావాలె, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పోతే మిగులు బట్టంత ఒక దిక్కుకు ఉబ్బుతది. సేఫ్టీ పిన్నులు ఎక్కువ ఉంటే కుట్టు బదులు అవి పెట్టినా నడుస్తది, అవి కూడ లెక్కపెట్టండి. శనివారం చీకటి పడేలోపు కచ్చా కుట్టు అయిపోతే సగం పని అయినట్టే, బొంతను మెల్లగ చుట్టి పక్కకు పెట్టుకోవచ్చు, ఇప్పుడు పొరలు జారవు.

సాయంత్రం మా వాడకట్టుల శేకోటి పెడతరు, అదే చలిమంట, అక్కడ కూసోని కుడదాం అని మాత్రం అనుకోకండి, నిప్పురవ్వ ఒక్కటి నూలు బట్ట మీద పడిందంటే లోపల లోపల రాజుకుంటది, పైకి కనవడేసరికి బొక్క పడి ఉంటది. ఇంకోటి కూడ ఇక్కడే చెప్పాలె, చలి అని కొందరు బొగ్గుల కుంపటి ఇంట్లకు తెచ్చి తలుపులు కిటికీలు మూసుకొని పండుకుంటరు. దయచేసి వద్దు. బొగ్గులు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనుండదు, రంగుండదు, నిద్రలనే పానం పోతది. బొంత కప్పుకోండి, కుంపటి బయటనే పెట్టండి.

ఆదివారం పొద్దుగాల తిండి ముందే చేసి పెట్టుకోండి, నడుమల లేస్తే వరుస పోతది. జొన్న రొట్టె, కాల్చిన వంకాయ భరీత్ అయితే మాకు మధ్యాన్నానికి చాలు, చెయ్యి తిరిగినోళ్లకు అరగంట పని. కుట్టేటప్పుడు నోట్లకు కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టి గిన్నెల పెడతం, ఈ సీజన్‌ల కంది చేన్ల పచ్చికాయ ఉంటది, నూనె అంటదు కాబట్టి బట్టకు మరక కాదు. సంత్రాలు మాత్రం దూరం పెట్టండి, తొక్క తీసేటప్పుడు చిమ్మే రసం లేత రంగు చీరె మీద పడితే పచ్చగ మరక కూసుంటది.

కుట్టుడు ఇట్ల. దారం మీ భుజం నుంచి వేళ్ల చివరి దాకా వచ్చేంత తీసుకొని రెండు పేటలు చేయండి, అంతకంటే పొడుగు తీస్తే చిక్కు పడతది. మైనం మీంచి గుంజి, చివర ముడి. ముడి కనవడకుండ ఉండాలంటే పై పొర కిందికి సూది దింపి, ఒక వేలు దూరంల పైకి తీసి, జర గట్టిగ గుంజండి, ముడి టప్పుమని లోపలికి దూకుతది. మొదటి వరుస బొంతకు సరిగ్గ నడుమ, పొడుగుల. సూది నిట్టనిలువుగ కిందికి దిగాలె, ఎడమ చెయ్యి బొంత కింద పెట్టి మొన తగిలిందా చూసుకోవాలె, తగిలితేనే ఐదు పొరలు పట్టినట్టు. కుట్టు పొడుగు రెండు బియ్యపు గింజలంత, మొదట్ల పెద్దగనే పడతయి, పర్వాలే. ఒకేసారి మూడు నాలుగు కుట్లు సూదికి ఎక్కించి అప్పుడు దారం గుంజాలె. బిగించి గుంజొద్దు, బట్ట జర ముడుచుకొని అల లెక్క లేస్తే చాలు, ఆ అలలల్లనే గాలి నిలుస్తది. బిగిస్తే బొంత అట్ట లెక్క అయితది, మరీ వదులు చేస్తే పిల్లల కాలి వేళ్లకు దారం చిక్కుతది.

రెండో వరుస మొదటిదానికి రెండు వేళ్ల దూరంల, అంటే మూడు సెంటీమీటర్లు. ఇద్దరుంటే మొదటి వరుసకు అటు ఒకరు ఇటు ఒకరు ఎదురెదురు కూసోండి, ఎవరి దిక్కు వాళ్లు బయటికి కుట్టుకుంట పోవాలె. నేను మా అత్తమ్మ ఇట్లనే కూసుంటం, ఆమె కుట్లు సన్నగ వస్తయి నావి పెద్దగ, బొంత చూస్తే ఎవరి సగం ఎవరిదో తెలుస్తది, అట్లనే ఉండాలె అంటది మా అత్తమ్మ. కొత్తవాళ్లకు ఒక వరుసకు పది పదిహేను నిమిషాలు పడతది, అంటే ముప్ఫై వరుసలకు ఇద్దరు మూడు నాలుగు గంటలు కూసోవాలె. గంటకోసారి లేసి నడుము చాపండి, మెడ తిప్పండి, నేల మీద వంగి కూసుంటే పొద్దుగూకేసరికి నడుము పట్టేస్తది. వెలుగు ఎడమ దిక్కు నుంచి పడేటట్టు కూసుంటే కుడి చేతి నీడ కుట్టు మీద పడది. ఒక్కలే ఉంటే రెండు వారాలు పెట్టుకోండి, ఆగమాగం చేస్తే కుట్లు కిందికి దిగవు.

ఇంకో పద్ధతి కూడ ఉంది. కర్ణాటకల ఉత్తర కన్నడ జిల్లాల ఉండే సిద్దీ అనే తెగ ఆడోళ్లు కవంది అనే బొంత కుడతరు, వాళ్లు అంచు దగ్గర మొదలువెట్టి చుట్టూ తిరుగుకుంట నడిమికి వస్తరు, చిన్న చిన్న రంగు ముక్కలు అతుకుకుంట పోతరు, చివరికి నాలుగు మూలలకు మలిచిన ముక్కోణం గుడ్డలు పెడతరు, వాటిని పువ్వులంటరు, అవి లేకుంటే బొంత పూర్తి కానట్టే వాళ్లకు. చూడటానికి చాన అందం, కని చుట్టూ తిరిగి కుట్టేటప్పుడు నడుమ ఉబ్బు రాకుండ చూసుకునుడు చెయ్యి తిరిగినోళ్లకే అయితది. మీరు మొదటిదానికి నిలువు వరుసలే పెట్టుకోండి, కావాలంటే మూలలకు పువ్వులు పెట్టండి, మనం తీసి దాచిన చీరె అంచులున్నయి కదా, వాటితోని చేస్తే జరీ మెరుస్తది. పిల్లలదయితే జరీ వద్దు, గరుకు ఉంటది, సాదా అంచే.

వరుసలన్ని అయినంక అంచు కుట్టాలె. మిగిలిన ఐదు సెంటీమీటర్లను సగానికి ఒకసారి మలవండి, మళ్ల ఒకసారి మలిచి పై పొర మీదికి తెండి, లోపలి పొరల చివర్లు అన్నీ దాని కింద దాగాలె. పొడుగు దిక్కులు రెండు ముందు, వెడల్పు దిక్కులు తర్వాత. మూలల దగ్గర మందం ఎక్కువయితే లోపలి గుడ్డ చిన్న ముక్కోణంగ కత్తిరించి మలవండి. అంచుకు కుట్లు సన్నగ, దగ్గరగ, రెండు వరుసలు వేయండి, బొంత మొదట చిరిగేది అక్కడ్నే. కాలికుట్టు మిషన్ ఉన్నోళ్లు అంచు మిషన్ మీద వేసుకున్నా తప్పులేదు.

ఇప్పుడు కచ్చా కుట్టు తెల్ల దారం మొత్తం విప్పండి, పిన్నులు తీయండి. ఆ తర్వాత సూదులు లెక్కపెట్టండి, డబ్బా మూత మీద రాసిన లెక్కతోని కలవాలె. ఒక్కటి తగ్గినా బొంత ఎవరికీ ఇయ్యొద్దు, అర చేత్తోని కాదు, అయస్కాంతం ముక్కతోని మొత్తం రెండు దిక్కుల తడిమి చూడండి, పాత స్పీకర్ల ఉండే అయస్కాంతం గట్టిది, దానికి దొరుకుతది. విరిగిన సూది ముక్క కూడ లెక్కల ఉండాలె.

మొదటిసారి విడిగ, చల్లటి నీళ్లల్ల, మెత్తటి సబ్బుతోని ఉతకండి. తడిస్తే బొంత చాన బరువయితది, ఒక్క తీగ మీద వేస్తే నడుమ సాగుతది, రెండు తీగల మీద పరిచినట్టు వేయండి, నడుమల ఒకసారి తిరగేయండి. తర్వాత రోజూ ఉతికే పని లేదు, వారానికోసారి ఎండకు వేస్తే చాలు. ఎండకాలం దాచేటప్పుడు బాగ ఎండబెట్టి, ఎండిన వేపాకు గుడ్డల మూటకట్టి మడతల్ల పెట్టండి. పసిపిల్లల బొంతల నాఫ్తలీన్ గోళీలు పెట్టకండి, కొందరు పిల్లలకు పుట్టుకతోనే జి6పీడీ అనే ఎంజైమ్ తక్కువుంటది, ఆ గోళీల వాసన పట్టిన బట్టతోని వాళ్లకు రక్తకణాలు పగిలి పచ్చకామెర్లు ముదురుతయి. ఏడాది నిండని పిల్ల నిద్రపోయేటప్పుడు మీద బొంత కప్పుడు కూడ వద్దు, మొఖం మీదికి జరిగితే ఊపిరాడది, ఎత్తుకున్నప్పుడు కాళ్లకు చుట్టండి, పండుకునేటప్పుడు ఒంటికి సరిపోయే స్వెటర్ వేయండి.

కోసినంక మిగిలిన ముక్కలు మూడున్నయి, గట్టి చీరెవి రెండు, మెత్తటిది ఒకటి. మెత్తటిదాన్ని మడతపెట్టి బొంతతోనే దాచండి, రెండు మూడేండ్లకు లోపలి పొర ఎక్కడన్న పల్చబడితే అతుకు వేసేందుకు అంత వయసున్న బట్టే కావాలె, కొత్త గుడ్డ వేస్తే చుట్టూ ఉన్న పాతదాన్ని గుంజి చింపుతది. గట్టివి రెండు వచ్చే శనివారం బొంతకు పైకీ కిందికీ సరిపోతయి, లోపలికి మూడు ముక్కలకు ఇంకొక్క పాత చీరె వెతికితే చాలు.